మఱుగుపడిన హెలికాప్టరులు - కొద్దిప్రతుల కిట్టులు

ఒక యంత్రము లోకములో ఎంతకాలము జ్ఞాపకముండును? అది చేసిన మేలును బట్టియా, పొందిన పేరును బట్టియా? ఈ ప్రశ్నకు సమాధానమును చరిత్రగ్రంథములలోనే కాక బొమ్మల అంగళ్లలో గూడ వెదకవచ్చును. నేటి నా ప్రసంగమునకు విషయము ప్లాస్టిక్కు మోడలు కిట్టులు; వానిలోను కొద్దిప్రతులు మాత్రమే వెలువడునట్టివి, కూర్చుటకు మిక్కిలి శ్రమ కలిగించునట్టివి యగు హెలికాప్టరు కిట్టులు.

కిట్టు అనగా నేమో ముందుగా మనవి చేసెదను. అట్టపెట్టెలో ప్లాస్టిక్కు కాడలకు అంటుకొని కొన్ని ముక్కలుండును. వానిని కాడల నుండి కోసి, అంచులు నునుపుచేసి, జిగురుతో అతికి, రంగులు పూసినచో ఒక విమానముయొక్క సూక్ష్మరూపము సిద్ధించును. ఇది ఊహతో చేసిన బొమ్మ కాదు. దీని ప్రతి కొలతకును అసలు యంత్రపు కొలతతో నియతమైన నిష్పత్తి కలదు. 72వ వంతు మోడలులో ఒక అంగుళము అసలు విమానమున 6 అడుగులకు సమానము. అనగా ఆఱడుగుల మనుష్యుడు అందు అంగుళము పొడవున నిలుచును. 48వ వంతు మోడలులో ఒక అడుగు పావు అంగుళమగును. ఈ లెక్క తప్పినచో అది మోడలు కాదు, ఆటవస్తువు మాత్రమే.

ఈ కళ పుట్టినది ఇంగ్లండులో. 1936వ సంవత్సరమున ఫ్రాగ్ అను సంస్థ పెంగ్విన్ అను పేరుతో 72వ వంతు ప్లాస్టిక్కు కిట్టులను వెలువరించినది. నాటి ప్లాస్టిక్కు సెల్యులోజు ఎసిటేటు అను పదార్థము. అది ఏండ్లు గడచుకొలది వంకరలు పోవును. కావున ఆనాటి మోడలులలో చెక్కుచెదరక నిలిచినవి అరుదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున శత్రువుల విమానములను, స్వపక్షపు విమానములను ఆకారమును బట్టి గుర్తించుట సైనికులకు నేర్పుటకై సూక్ష్మరూపములు విస్తారముగా వినియోగపడినవి. యుద్ధానంతరము పాలిస్టైరీను అను మేలైన ప్లాస్టిక్కు వాడుకలోనికి వచ్చెను. 1949లో ఎయిర్‌ఫిక్స్ సంస్థ ఫెర్గూసన్ ట్రాక్టరు మోడలును చేసినది. 1953లో స్పిట్‌ఫైరు విమానపు కిట్టును వెలువరించినది. అటుపిమ్మట ఈ వినోదము దేశదేశముల వ్యాపించెను.

ఇక్కడ అచ్చుల సంగతి కొంత తెలిసికొనవలెను. ఏలయనగా ఈ కథకంతకును మూలమదియే. పెద్ద సంస్థలు కిట్టులకు ఉక్కు అచ్చులను చెక్కించును. కరగిన ప్లాస్టిక్కును గొప్ప ఒత్తిడితో అందులోనికి పంపగా అది అచ్చులోని ప్రతి సందునకును పాఱి, వెండ్రుకవంటి గీతను సైతము పట్టుకొనును. అట్టి అచ్చు లక్షలకొలది ప్రతులను తీసినను అరుగదు. కాని దానిని చేయించుటకు అపారధనము కావలెను. అంత ధనము వెచ్చించువాడు మొదట అడుగు ప్రశ్న, ఈ విమానమును ఎందఱు కొందురు అనునదియే. అందువలన స్పిట్‌ఫైరు, మెసెర్‌ష్మిట్, మస్టాంగు వంటి ప్రసిద్ధ యుద్ధవిమానములనే ఒక సంస్థ తరువాత ఒక సంస్థ మరల మరల పోతపోసినవి. రామకథను ప్రతి కవియు చెప్పును. గ్రామదేవత కథను ఆ గ్రామమువాడే చెప్పవలెను గదా!

ఆ గ్రామదేవతల కథలు చెప్పుటకై వచ్చినవే కొద్దిప్రతుల కిట్టులు. మొదట 1970ల ప్రాంతమున ఇంగ్లండులో గోర్డన్ స్టీవెన్స్ నడిపిన రేర్‌ప్లేన్స్ వంటి చిన్నసంస్థలు, ప్లాస్టిక్కు పలకను వేడిచేసి, గాలిని తోడివేసి, దానిని మూసపై అంటునట్లు చేయు పద్ధతిని అవలంబించినవి. ఆ సంస్థ పేరునకు అరుదైన విమానములని అర్థము. అందు ముక్కలు విడివిడిగా నుండవు. పలకనుండి కొనువాడే కోసికొనవలెను. తరువాత మెత్తని లోహములతోను గట్టి రెసినుతోను అచ్చులు చేసి, తక్కువ ఒత్తిడితో ప్లాస్టిక్కును పోయు పద్ధతి వచ్చెను. 1989లో చెకోస్లొవేకియాలో ప్రభుత్వవ్యవస్థ మాఱి స్వంతవ్యాపారములకు ద్వారములు తెఱువబడగానే, అక్కడ ఇట్టి చిన్నసంస్థలు పుట్టగొడుగులవలె మొలచినవి. మోస్ట్ పట్టణమున ఆ ఏటనే స్థాపితమైన ఎడ్వార్డ్ సంస్థ, పలుచని ఇత్తడిరేకును ఆమ్లముతో తినిపించి చేయు సూక్ష్మభాగములకు పేరొందెను. ఎంపీఎం, స్పెషల్ హాబీ వంటి సంస్థలును ఆ దేశమునందే ప్రసిద్ధి గాంచినవి. ఉక్రెయినులోను ఇట్టి సంస్థలు పెక్కు వెలసినవి.

మెత్తని అచ్చు చవుక. కాని అది కొన్ని వందలో, కొన్ని వేలో ప్రతులు తీయునంతలో అరుగును. ఒత్తిడి చాలక ప్లాస్టిక్కు సన్నని మూలలకు పాఱదు. అందువలన ముక్కలు మందముగా నుండును. అంచుల వెంట పలుచని పొర మిగులును. రెండు సగములను సరిగా నిలుపుటకు పెద్ద సంస్థలవారు పెట్టు చీలలు, రంధ్రములు తఱచు ఉండవు. ఇంత లోపమున్నను ఈ కిట్టులను కోరి కొనువారు కలరు. ఏలయనగా వారు కోరిన యంత్రము మఱియెక్కడను దొరకదు.

ఇక హెలికాప్టరుల సంగతి. విమానములలో ఇవి చిన్న చెల్లెండ్రు. జర్మనీలో 1936లో ఎగిరిన ఫోకే-వుల్ఫ్ 61ను 1938 ఫిబ్రవరిలో హన్నా రైచ్ అను వైమానికురాలు బెర్లినులోని డాయిష్‌లాండ్‌హాలె అను విశాలభవనము లోపలనే ఎగురవేసి జనులను ఆశ్చర్యమున ముంచినది. అమెరికాలో ఇగోర్ సికోర్‌స్కీ తన వీఎస్-300ను 1939 సెప్టెంబరులో త్రాళ్లతో కట్టియుంచి నేలనుండి లేపెను. 1944 ఏప్రిల్‌లో, మన అస్సాములోని లాలాఘాటు స్థావరమునకు చెందిన సికోర్‌స్కీ వైఆర్-4బీ హెలికాప్టరు బర్మా అరణ్యములలో శత్రువుల నడుమ చిక్కుకొనిన నలుగురిని కాపాడెను. కార్టర్ హార్మన్ అను చోదకుడు ఒక్కొక్క పర్యాయమునకు ఒక్కొక్కని చొప్పున వారిని ఎక్కించుకొని వచ్చెను. ఏలయనగా ఆ యంత్రము అంతకు మించి మోయలేదు. యుద్ధరంగమున హెలికాప్టరుతో జరిగిన మొదటి రక్షణకార్యము ఇదియేయని చెప్పుదురు. మన గడ్డమీది స్థావరమునుండి బయలుదేరిన ఈ యంత్రము పేరు మనలో నెందఱు విన్నారు?

దాని తరువాత వచ్చినది సికోర్‌స్కీ ఎస్-51. ఇది 1946 ఫిబ్రవరిలో మొదట ఎగిరెను. ముందు చోదకుడొక్కడు, వెనుక ముగ్గురు కూర్చుండుటకు వీలుండెను. ముక్కుభాగమంతయు అద్దములు. అమెరికా నౌకాదళము దీనిని హెచ్‌ఓ3ఎస్ అని పిలిచెను. ఇంగ్లండులో వెస్ట్‌లాండ్ సంస్థ హక్కులు కొని, ఆల్విస్ లియొనైడెస్ యంత్రమును అమర్చి, డ్రాగన్‌ఫ్లై అను పేరుతో దీనిని నిర్మించెను. తూనీగయని ఆ మాటకు అర్థము. 1950 మొదలు మలయా అడవులలో గాయపడినవారిని ఈ తూనీగలు వైద్యశాలలకు చేర్చినవి.

కొరియా యుద్ధములో జరిగిన ఒక సంఘటన వినదగినది. 1951 జూలై 3వ తేదీ సాయంకాలము. విల్కిన్స్ అను వైమానికుని విమానము శత్రుభూభాగమున కూలెను. ఆతడు కాలినగాయములతో కొండలలో దిగబడెను. జాన్ కెల్విన్ కోల్ష్ అను యువలెఫ్టినెంటు, జార్జి నీల్ అను సహాయకునితో హెచ్‌ఓ3ఎస్ హెలికాప్టరున బయలుదేరెను. మబ్బులు క్రిందికి దిగియుండుటచే కావలిగా రావలసిన యుద్ధవిమానములు తోడు రాలేకపోయినవి. కోల్ష్ ఒంటరిగానే మబ్బుల క్రిందికి దిగి, నేలనుండి కాల్పులు జరుగుచున్నను వెనుదీయక, విల్కిన్సును వెదకి పట్టుకొనెను. త్రాడుతో ఆతనిని పైకి లాగుచుండగా గుండ్లు తగిలి హెలికాప్టరు కూలెను. మువ్వురును బ్రతికి బయటపడి, తొమ్మిది దినములు శత్రువుల కన్నుగప్పి తిరిగి, తుదకు పట్టువడిరి. చెఱలో కోల్ష్ తన కొద్దిపాటి ఆహారమును తోడి ఖైదీలకు పంచిపెట్టెనట. 1951 అక్టోబరు 16న ఆతడు చెఱలోనే మరణించెను. 1955లో ఆతనికి మరణానంతరము మెడల్ ఆఫ్ ఆనర్ ప్రకటింపబడెను. హెలికాప్టరు చోదకులలో ఆ గౌరవమును పొందిన మొదటివాడు ఆతడే.

ఇంత చరిత్ర గల యంత్రమునకు పెద్ద సంస్థల కిట్టుల పట్టికలలో దక్కిన స్థానము స్వల్పము. క్షిపణులు మోయు అపాచీ వంటి దాడి హెలికాప్టరుల కిట్టులు అంగళ్లలో కొల్లలు. మనుష్యులను చంపక బ్రతికించుటకై ఎగిరిన ఈ తూనీగను 48వ వంతు ప్రమాణమున అందించినది ఉక్రెయినులోని ఏఎంపీ అను చిన్నసంస్థ. పేరును బట్టి జ్ఞాపకము నిలుచునా, మేలును బట్టి నిలుచునా యని మొదట అడిగితిని. పెద్ద అచ్చులు పేరుకు లొంగును. మేలును జ్ఞాపకముంచుకొనుపని తఱచు చిన్న అచ్చుల పాలబడినది.

అయితే ఆ జ్ఞాపకమునకు కట్టువాడు చెల్లింపవలసిన మూల్యమొకటి కలదు. అది శ్రమ. హెలికాప్టరు కిట్టును కూర్చుటలో నుండు కష్టములను కొంచెము వివరించెదను.

మొదటిది దేహము. కుడియెడమ సగములకు చీలలు లేనందున, లోపలివైపున చిన్న ప్లాస్టిక్కు బద్దలను అక్కడక్కడ అతికి, వానినే ఆధారముగా చేసికొని రెండు సగములను కలుపవలెను. పూర్వము నాకడ చదువుకొనిన శిష్యుడొకడు ఇట్టి పెట్టెనొకదానిని తెచ్చి నాయెదుట కూర్చుట కారంభించెను. చిత్రపటములు చూచి కొలతలు చెప్పుట నా పని, చేతిపని యాతనిది. రెండు సగములను ఒకదానిపై నొకటి పెట్టి చూడగా ఒకటి మఱియొకదానికంటె మిల్లీమీటరు పొడుగుగా నుండెను. మిల్లీమీటరే గదాయని త్రోసివేయరాదు. 48వ వంతున అది దాదాపు రెండంగుళములు. ఆ తేడాను తోకకొనయందు సర్దవలెనా, ముక్కునందు సర్దవలెనా యని నిర్ణయించుటకే మాకొక పూట పట్టినది. ముక్కున సర్దినచో అద్దములు కూర్చొనవు. కావున తోకనే ఆకురాయితో అరగదీసితిమి. అతుకు పడిన చోట సందులను మక్కుతో పూడ్చి, ఆరిన పిదప గరుకుకాగితముతో రుద్ది సమము చేయవలెను. కొండపల్లి బొమ్మలవారు చింతగింజల పిండితోను ఱంపపుపొట్టుతోను చేసిన మక్కుతో అవయవములను అతుకునట్లే, ఇక్కడను మక్కు లేనిది రూపము లేదు.

రెండవది అద్దములు. విమానములో అద్దము చోదకుని తలపై నొక చిన్నకప్పు. ఎస్-51 వంటి హెలికాప్టరులో ముఖమంతయు అద్దమే. కావున లోపలి ఆసనములు, నియంత్రణదండములు, పరికరముల పలక అన్నియు బయటికి కనబడును. వానిని ముందుగానే రంగువేసి అమర్చవలెను. పిమ్మట చేయి దూరదు. మామూలు జిగురు ప్లాస్టిక్కును కొంత కరగించి అతుకును. అద్దముల కది పొరపాటున తగిలినచో మసక పట్టును, మరల పోదు. కావున అద్దముల కడ తెల్లజిగురు వాడుదురు. అద్దపు చట్రముల గీతలకు రంగువేయునపుడు మిగిలిన భాగమును సన్నని అంటుపట్టీలతో కప్పవలెను. ఓపిక లేనివాడు ఇక్కడనే ఓడిపోవును.

మూడవది బరువు. ఎస్-51కు ముక్కుక్రింద ఒక చక్రము, వెనుక రెండు చక్రములు కలవు. తోక పొడుగు. ముక్కు అద్దమగుటచే అందు బరువు పెట్టుటకు చోటు తక్కువ. సీసపు ముక్కలను ఆసనముల క్రింద, నేలపలక క్రింద దాచవలెను. లేనిచో మోడలు తోకమీద కూలబడును.

నాల్గవది, అన్నిటికంటె కష్టమైనది, పైచక్రము. దీని వ్యాసము సుమారు 48 అడుగులు. 48వ వంతున సరిగా ఒక అడుగు. ఇంత పొడవైన ఱెక్కలను మెత్తని అచ్చు పలుచగా పోయలేదు. అంచు అర మిల్లీమీటరు మందముండెనేని, అసలు యంత్రమున అది 24 మిల్లీమీటరులు, అనగా దాదాపు అంగుళము మందమగును. కావున ప్రతి ఱెక్కను అడుగుప్రక్కనుండి గరుకుకాగితముతో పలుచబఱుపవలెను. విఱుగకుండ, మెలిపడకుండ చేయవలెను. మఱియు నిలిచియున్న హెలికాప్టరు ఱెక్కలు తిన్నగా నుండవు. అవి కీళ్లపై వ్రేలాడును. తమ బరువుచేతనే కొనలు క్రిందికి వంగును. ఎగురునపుడు భ్రమణవేగమే వానిని బిగువుగా చాచి నిలుపును. పెట్టెలోని ఱెక్కలు నిటారుగా నుండును గనుక వేడినీటిలో ముంచి మెల్లగా వంచవలెను. ఎంత వంగవలెను? అది పెట్టెలోని పత్రముపై లేదు. ఆనాటి ఛాయాచిత్రములను చూచి నిశ్చయించుకొనవలెను. తొలినాటి ఱెక్కలకు గుడ్డకప్పు, తరువాతివి లోహపువి. ఏ సంవత్సరపు ఏ యంత్రమును కట్టుచున్నాడో ముందుగా తెలిసికొననిచో, చరిత్రలో లేని యంత్రమును కట్టినవాడగును.

ఈ చివరిమాటను కొంచెము విస్తరించుట కనుమతింపుడు. నావంటి పాతకాలపు పండితునికి ఈ పని పరాయిదిగా తోచకపోవుటకు కారణమున్నది. అచ్చుపుస్తకమును చదువుట వేఱు. తాళపత్రమును పరిష్కరించుట వేఱు. తాళపత్రమున చెదలు తిన్న చోట్లుండును, లేఖకుని తప్పులుండును, ఒక పద్యము సగమే మిగిలియుండును. పరిష్కర్త ఇతర ప్రతులతో పోల్చి, ఛందస్సు చూచి, సందర్భము విచారించి, పోయిన అక్షరమును పూరించును. అట్లు పూరించినదానికి ఆధారము చూపలేనివాడు పరిష్కర్త కాడు, కల్పనాకారుడు. పెద్ద సంస్థల కిట్టు అచ్చుపుస్తకమువంటిది. కొద్దిప్రతుల కిట్టు తాళపత్రమువంటిది. అందులో లోపించినదానిని కట్టువాడు విచారణచేత పూరింపవలెను. ఛాయాచిత్రములే ఆతనికి పాఠాంతరములు. ప్రదర్శనశాలలో నిలిచిన అసలు యంత్రమే ఆతనికి మూలప్రతి. ఇంగ్లండులో వెస్టన్-సూపర్-మేర్ పట్టణమునందలి హెలికాప్టరు ప్రదర్శనశాలలో డ్రాగన్‌ఫ్లై యొకటి కలదు. అమెరికాలోని డేటన్ వైమానిక ప్రదర్శనశాలలో తొలినాటి ఆర్-4 యొకటి కలదు. అయినను మూలప్రతిని సైతము విమర్శతోనే చూడవలెను. ప్రదర్శనకై మరమ్మతు చేసినపుడు రంగులు, భాగములు మాఱియుండవచ్చును.

ఒక ఆక్షేపణ వినవచ్చును. ఇంత శ్రమపడి కట్టినది మనుష్యుని మోయదు, ఎగురదు, అమ్మినను శ్రమకు తగిన ధనము రాదు, దీనివలన ప్రయోజనమేమి? ప్రయోజనము కట్టుటయందే యున్నదని నా మతము. ఎస్-51 ముక్కులో సీసమునకు చోటు వెదకువానికి, ఆ చిన్నగదిలో నలుగు రెట్లు ఇమిడిరో తెలియును. త్రాడు వ్రేలాడదీయు యంత్రమును తలుపుపైని అతుకువానికి, కాల్పుల నడుమ కదలక నిలిచి ఒక మనుష్యుని పైకి లాగుట యెట్టిదో కొంతయైనను బోధపడును. పుస్తకమున పదిసారులు చదివినను ఈ తెలివి రాదు, చేతివ్రేళ్లద్వారా వచ్చును. బడిలో లెక్కలు, చరిత్ర, చిత్రలేఖనము వేఱువేఱు గంటలలో చెప్పుదుము. ఈ పనియందు మూడును ఒకే బల్లపై కలియును.

ఇటీవల కంప్యూటరు సాయముతో అచ్చులు చెక్కుట, త్రిమితీయ ముద్రణయంత్రముతో సన్ననిభాగములను ముద్రించుట వ్యాపించినవి. కొద్దిప్రతుల కిట్టులు పూర్వముకంటె చక్కగా కూడుచున్నవి. వానికిని పెద్ద కిట్టులకును గల భేదము తగ్గుచున్నది. ఇది సంతోషింపదగినదే. కాని ముక్కలు తమంతట తామే అమరినంతమాత్రమున విచారణ అక్కఱలేకపోదు. ఱెక్క ఎంత వంగవలెనన్న ప్రశ్న అట్లే నిలిచియుండును.

శ్రోతలారా! మీ యిండ్లలో పిల్లలో మనుమలో ఇట్టి పెట్టెను తెచ్చినచో, ముక్కలు కలియలేదని వారు విసుగుచెందినపుడు, పెట్టెను మూసివేయుమని చెప్పకుడు. ఆ యంత్రమును నడిపినవారెవరో, దానివలన బ్రతికినవారెవరో వారితో కలసి వెదకుడు. లాలాఘాటునుండి వెళ్లిన హెలికాప్టరు ఒక్కొక్కనినే మోసినను, నలుగురిని తెచ్చువఱకు మరల మరల వెళ్లినది. ఆ కథ తెలిసిన పిల్లవాడు గరుకుకాగితమును క్రింద పెట్టడు.